రాక్ బ్యాండ్‌తో టూర్ తిరిగి పనిచేసినవాళ్ళు మనవైపు ఉన్నారా? స్టేజీ వెనక సంగతులు చెప్పండి

కందుకూరు కరెంటు:

అందరికీ నమస్కారం. నాకు 22 ఏళ్ళు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాను. రెండేళ్ళుగా కందుకూరులో ఒక మైక్ సెట్ షాపులో పని. పెళ్ళిళ్ళు, వినాయక చవితి పందిళ్ళు, శనివారం వస్తే మాలకొండ వైపు పనులు. బాక్సులు మోయడం, వైరింగ్ లాగడం, చిన్న మిక్సర్ మీద కూర్చోవడం వచ్చు.

ఇప్పుడు తెలిసినవాళ్ళ ద్వారా ఒక అవకాశం వచ్చింది. బెంగళూరు నుంచి ఒక రాక్ బ్యాండ్ మూడు వారాలు కాలేజీ ఫెస్టులకు తిరుగుతుందట. తిరుపతి, నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, అట్టా వైజాగ్ దాకా. వాళ్ళ సౌండ్ టీంలో స్టేజీ మీద పనికి ఒక మనిషి కావాలన్నారు. నాకు వెళ్ళాలని చాలా ఉంది. అమ్మ మాత్రం "పాటలోళ్ళెంట లారీల్లో తిరిగితే నిద్రుంటదా, తిండుంటదా" అని రెండు రోజుల నుంచి సరిగా మాట్లాడటం లేదు.

ఇలాంటి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, అక్కడ నిజంగా ఏం జరుగుతుందో చెప్పండి. మంచీ చెడూ రెండూ చెప్పండి. అమ్మకు చదివి వినిపిస్తాను.

పొదిలి నాటకాలు:

బాబూ, రాక్ సంగతి నాకు తెలియదు. మా నాన్న పద్య నాటకాలకు మైకులు కట్టేవాడు. స్టేజీ పైనుంచి తాడుతో రెండు మైకులు వేలాడేవి. నటుడు మాటలు చెబుతూ చెబుతూ సరిగ్గా పద్యానికి మైకు కిందికి వచ్చి నిలబడేవాడు. ఎవరి గొంతు ఏ ఊళ్ళో ఎంత లేస్తుందో నాన్నకు కంఠతా. రాగం తీసే ముందు నటుడు ఊపిరి తీసుకోవడం చూసి వాల్యూం నాబ్ మీద చెయ్యి వేసేవాడు. నువ్వు కూడా ముందు మనిషిని చూడటం నేర్చుకో, బాక్సుల సంగతి తర్వాత.

స్టోన్‌హౌస్‌పేట సౌండ్:

తమ్ముడూ, నీ ప్రశ్న చూసి నిన్న రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. అన్నీ గుర్తొచ్చాయి. తీరిగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నాది నెల్లూరు. నేను కూడా నీలాగే మైక్ సెట్ షాపు నుంచే వచ్చాను. 1998లో పనిలో చేరేనాటికి ఊరేగింపులకు ఇంకా గొట్టం మైకులే. 2006 నుంచి 2011 దాకా ఐదు సీజన్లు చెన్నై నుంచి వచ్చే ఒక రాక్ బ్యాండ్‌తో తిరిగాను. నలుగురు కుర్రాళ్ళు. పాడుతూ గిటార్ వాయించే అతను, ఇంకో గిటార్, బేస్, డ్రమ్స్. డ్రమ్మర్ షిల్లాంగ్ నుంచి చెన్నైకి చదువుకోడానికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కాలేజీ ఫెస్టులు. అప్పట్లో 5వ నంబరు హైవే అనేవాళ్ళం, ఇప్పుడు 16 అయింది. ఆ రోడ్డు మీద మా డీసీఎం ఆగని టీకొట్టు లేదు.

ముందు మీ అమ్మగారి భయం గురించి. నిద్ర ఉండదమ్మా, అది నిజం. షో పదింటికి అయితే, సామాను విప్పి బండెక్కించేసరికి ఒంటిగంట. మర్నాడు ఇంకో ఊరు. కేబుళ్ళ పెట్టెల మీద దుప్పటి వేసుకుని పడుకున్న రాత్రులే ఎక్కువ. తిండికి మాత్రం లోటు రాలేదు. ఎక్కడికి పోయినా నిర్వాహకులు పెట్టకపోతే బ్యాండ్ వాళ్ళు తినేవాళ్ళు కాదు. "మా సౌండ్ అన్న తిన్నాడా?" అని అడిగాకే వాళ్ళు ప్లేటు పట్టుకునేవాళ్ళు. నువ్వు వెళ్ళే టీంలో ఇది ఎట్టా ఉందో మొదటి రోజే తెలిసిపోతుంది, గమనించుకో.

పని విషయానికొస్తే, పెళ్ళి మైకుకూ దీనికీ పెద్ద తేడా ఒక్కటే. పెళ్ళిలో శబ్దం మన బాక్సుల్లోంచి మాత్రమే వస్తుంది. బ్యాండ్‌లో స్టేజీ మీదే డ్రమ్స్ మోగుతుంటాయి, గిటార్ ఆంప్‌లు మోగుతుంటాయి. ఆ మోత మధ్యలో పాడే అతనికి తన గొంతు తనకు వినపడాలి. అందుకే కాళ్ళ దగ్గర మానిటర్ బాక్సులు పెడతాం. వాటిని కాస్త ఎక్కువ పెంచితే మైకులోకి దూరి కుయ్యిమంటుంది. తగ్గిస్తే అతను వినపడక గొంతు చించుకుంటాడు, మూడో ఊరికి గొంతు పోతుంది. నా పని సగం ఆ రెండింటి మధ్యే. పాడుతూ పాడుతూ అతను చూపుడు వేలు పైకెత్తి ఒకసారి ఆడిస్తే "నా గొంతు కొంచెం పెంచు" అని. అర చెయ్యి కిందికి చూపిస్తే గిటార్ తగ్గించమని. ఐదేళ్ళలో మేం స్టేజీ మీద మాటలతో మాట్లాడుకున్నది చాలా తక్కువ.

మన ఊళ్ళ స్టేజీల సంగతి నీకు తెలుసు. సరుగుడు బాదులు పాతి, పైన చెక్కలు పరిచి, పట్టా కప్పుతారు. దాని మీద డ్రమ్మర్ కాలితో కిక్ డ్రమ్ కొడుతుంటే డ్రమ్ ముందుకు జరుగుతూ పోతుంది. అందుకే కింద మందపాటి కార్పెట్ వేసి, ఏ కాలు ఎక్కడో టేపుతో గుర్తులు పెట్టుకుంటాం. ఒకసారి కావలిలో కార్పెట్ బండిలో లేదు, ముందు ఊళ్ళోనే వదిలేసి వచ్చాం. పక్కనే రైస్ మిల్లు. పోయి నాలుగు గోనె సంచులు అడిగి తెచ్చి, దబ్బనంతో అంచులు కలిపి కుట్టి పరిచాను. షో అయ్యేదాకా డ్రమ్ అంగుళం కదల్లేదు. ఆ తర్వాత డ్రమ్మర్ కార్పెట్ వద్దన్నాడు. రెండు సీజన్లు ఆ గోనె పట్టా మీదే వాయించాడు. బెంగళూరు, హైదరాబాదు స్టేజీలు కూడా ఎక్కింది మన కావలి గోనె.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఎలక్ట్రీషియన్ అన్నావు కాబట్టి నీకు ఇది పూర్తిగా చెప్పాలి.

2009 జనవరి. ఒంగోలు అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీ మైదానం. జనరేటర్ అద్దెకు తెచ్చారు. మూడు ఫేజులు. సౌండ్‌కు ఒక ఫేజు, లైట్లకు రెండు. అప్పుడు లైట్లంటే వెయ్యి వాట్ల పార్ లైట్లు, లోడంతా వాటిదే. నేను సాయంత్రమే మీటరు పెట్టి చూసుకున్నాను, మూడూ 230 దగ్గరే ఉన్నాయి. సౌండ్ చెక్ అయింది. ముఖ్య అతిథుల ప్రసంగాలు అవుతున్నాయి. ఏడుంపావు ప్రాంతంలో స్టేజీ మీద లైట్లు ఒక్కసారి ఎర్రబడ్డాయి. అందరూ లైట్ల వైపు చూసి "వోల్టేజీ పడిపోయింది, జనరేటర్‌ను పెంచండి" అని అరుస్తున్నారు. నేను నా బోర్డు మీద పెట్టుకున్న మీటరు వైపు చూశాను. 340.

నీకు అర్థమై ఉంటుంది. న్యూట్రల్, అంటే మూడు ఫేజుల కరెంటూ తిరిగిపోయే ఉమ్మడి తీగ, ఊడింది. న్యూట్రల్ పోతే లోడు ఎక్కువున్న ఫేజుల్లో వోల్టేజీ పడిపోతుంది, లోడు తక్కువున్న ఫేజులో పైకి ఎగబాకుతుంది, రెండు ఫేజుల మధ్య ఉండే 415 వైపు పోతుంది. లైట్లు ఎర్రబడటం చూసి జనరేటర్‌ను ఇంకా పెంచితే సౌండ్ మొత్తం బూడిదే. స్టేజీ మీద నుంచి దూకి పోయి మెయిన్ కిందికి కొట్టేశాను. మోకాలు చెక్కుకుపోయిన సంగతి మర్నాడు స్నానం చేసేటప్పుడు మండితేనే తెలిసింది.

వెళ్ళి చూస్తే, జనరేటర్ దగ్గర న్యూట్రల్ వైరుకు లగ్గు, అంటే తీగ కొసకు నొక్కి బోల్టుకు బిగించే లోహపు తొడుగు, లేదు. తీగ కొస మెలిపెట్టి బోల్టుకు చుట్టి వదిలేశారు. వేడికి సాగి, జనరేటర్ అదురుడుకు జారిపోయింది. చుట్టూ పీవీసీ నల్లగా బుడగలు లేచి ఉంది. నేను ఫేజులు కొలిచాను గానీ ఆ బోల్టును చేత్తో కదిపి చూడలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు, బోల్టు పట్టుకుని లాగి చూడకుండా ఎక్కడా కరెంటు తీసుకోలేదు. కనెక్షన్ ఇచ్చేటప్పుడు న్యూట్రల్ మొదట, తీసేటప్పుడు న్యూట్రల్ చివర. న్యూట్రల్‌లో ఫ్యూజు పెట్టేవాడిని చూస్తే ఇప్పటికీ నాకు కోపం ఆగదు.

పోయినవి ఇవి. 24 చానళ్ళ మిక్సర్ పవర్ సప్లై కాలిపోయింది. నాలుగు ఆంప్లిఫయర్లలో ఒకటి పోయింది. గిటార్ ఆంప్‌లో ఫ్యూజు పోయింది, ఆంప్ దక్కింది. మైదానంలో పిల్లలు వేలల్లో ఉన్నారు. చీకటి. వెనక నుంచి ఈలలు, అరుపులు మొదలయ్యాయి. నాకు ఏడుపొచ్చింది.

పాడే అతను వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "అన్నా, నువ్వు మిక్సర్ చూసుకో, వీళ్ళను మేం చూసుకుంటాం" అన్నాడు. మామూలు చెక్క గిటార్ ఒకటి తీసుకుని స్టేజీ అంచున కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చున్నాడు. డ్రమ్మర్ మా కేబుళ్ళ ఇనప పెట్టెను బోర్లించి దాని మీద చేతులతో తాళం. మైకు లేదు, లైటు లేదు. ముందు వరుసల వాళ్ళు కింద కూర్చున్నారు. వెనకవాళ్ళు వినపడక దగ్గరికి జరిగారు, వాళ్ళ వెనకవాళ్ళు ఇంకా దగ్గరికి. ఐదు నిమిషాల్లో అంత మైదానంలో సగం ఖాళీ, జనమంతా స్టేజీ చుట్టూ. కొన్ని పాటలు ఇంగ్లీషువే, ఎవరికీ తెలియవు. అయినా ఎవరూ కదల్లేదు.

నేను కాలేజీ కుర్రాడి బండెక్కి ఒంగోలు పరుగు. ఒక చిన్న మైక్ సెట్ షాపు తెరిచి ఉంది. డెబ్బై ఏళ్ళ పెద్దాయన. సంగతి చెప్పగానే ఇంకో ప్రశ్న అడగలేదు. పెళ్ళిళ్ళకు వాడే 12 చానళ్ళ మిక్సర్‌ను పాత దుప్పట్లో చుట్టి, తన టీవీఎస్ మోపెడ్ ముందు పెట్టుకుని నా వెనకే వచ్చాడు. వచ్చి నా పక్కన నిలబడి, "అబ్బయ్యా, పన్నెండిట్లో రెండు పనిచెయ్యవు, ఏడూ పదకొండూ ముట్టుకోబాక. ఫేడర్లు పాతయి, గట్టిగా తొయ్యబాక" అన్నాడు.

అంటే పది చానళ్ళు. మామూలుగా డ్రమ్స్‌కే ఎనిమిది మైకులు పెట్టేవాళ్ళం. కిక్‌కు ఒకటి, స్నేర్‌కు ఒకటి, పైనుంచి మొత్తానికి ఒకటి పెట్టాను. బేస్‌కు ఒకటి, గిటార్లకు రెండు, గొంతులకు మూడు, చెక్క గిటార్‌కు ఒకటి. అయిపోయాయి. ఎనిమిది దాటి ఐదు నిమిషాలకు షో మొదలైంది. రాత్రి పదింటికి లౌడ్‌స్పీకర్ ఆపాలి, 2000 నాటి శబ్ద కాలుష్యం రూల్స్‌లో ఉన్న నిబంధన అది. గేటు దగ్గర పోలీసాయన వాచీ చూసుకుంటూ ఉన్నాడు. సరిగ్గా పదికి ఆపాం. ఆ గంటా యాభై ఐదు నిమిషాల్లో వచ్చినంత శుభ్రమైన సౌండ్ నేను మళ్ళీ ఎప్పుడూ తీయలేదు. మైకులు తక్కువైతే ఒకదాంట్లోకి ఒకటి దూరే మోత తక్కువ. అది ఆ రాత్రి నా చెవులతో తెలుసుకున్నాను.

పెద్దాయన చివరిదాకా నిలబడి విన్నాడు. అద్దె ఎంతంటే చెయ్యి అడ్డంగా ఊపాడు. బలవంతంగా ఇవ్వబోతే, "మైకోడు మైకోడి దగ్గర తీసుకుంటాడా" అని మిక్సర్‌ను మళ్ళీ దుప్పట్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంకా రాయాల్సింది ఉంది. ఇంట్లో పిలుస్తున్నారు. రాత్రికి రాస్తాను.

ఒంగోలు కీబోర్డు:

అన్నా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. నేను 14 ఏళ్ళుగా ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తున్నాను. తిరునాళ్ళు, పెళ్ళిళ్ళు, అన్నీ. రాక్ బ్యాండ్ కాదు గానీ స్టేజీ వెనక బతుకు ఒకటే.

తమ్ముడూ, నావి రెండు మాటలు. నువ్వు వెళ్ళే టీంలో ఒక్క ఆడపిల్ల ఉన్నా సరే, జనరేటర్ ఎక్కడుందో చూసే ముందు బాత్రూం ఎక్కడుందో కనుక్కో. మేం సాయంత్రం నాలుగు నుంచి నీళ్ళు తాగడం మానేసి వాయించిన రాత్రులు ఎన్నో. ఎవరూ అడగరు, మేమూ చెప్పం. నువ్వు అడుగు. రెండోది డబ్బు. బయల్దేరే ముందే సగం తీసుకో. మిగతాది ఏ రోజు ఇస్తారో అందరి ముందూ చెప్పించుకో. నేను ఒక సీజన్ మొత్తం డబ్బు పోగొట్టుకున్నాను, వాళ్ళ పేరు ఇక్కడ వద్దు.

సౌండ్ అబ్బాయిల విలువ నాకు తెలుసు. చీమకుర్తి వైపు ప్రోగ్రాంలకు పోతే గ్రానైట్ దుమ్ము కీబోర్డు మెట్ల సందుల్లోకి పోతుంది. మా సౌండ్ అబ్బాయి వాళ్ళమ్మ పాత చీర ఒకటి తెచ్చి, నేను వాయించని ప్రతి నిమిషం దాని మీద కప్పేవాడు. నేను చెప్పలేదు, అతనికే తోచింది.

కందుకూరు కరెంటు:

అన్నా, ఒంగోలు సంగతి అమ్మకు చదివి వినిపించాను. ఆ పెద్దాయన మాట దగ్గర అమ్మ కళ్ళు తుడుచుకుంది. అక్కా, మీరు చెప్పిన రెండూ గుర్తు పెట్టుకుంటాను. అన్నా, నేను ఏం తీసుకెళ్ళాలి? కేబుల్ చుట్టడం గురించి అక్కడివాళ్ళు ఏదో తేడాగా అంటున్నారు. ఇంకోటి, మీరు ఎందుకు మానేశారు?

స్టోన్‌హౌస్‌పేట సౌండ్:

కేబుల్ సంగతి ముందు. మన షాపుల్లో మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టేస్తాం. అట్టా చుడితే లోపల తీగ ఒకే వైపు మెలితిరిగి ఏడాదికే తెగుతుంది. ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు మణికట్టు లోపలికి తిప్పి వెనక నుంచి. అలా ఒకటి విడిచి ఒకటి. కొస పట్టుకుని విసిరితే ముడి పడకుండా నేరుగా పోవాలి. ఇంట్లో పాత వైరు తీసుకుని చెయ్యి తిరిగేదాకా చెయ్యి. మొదటి రోజు నీ చేతిలో కేబుల్ పెట్టి చూస్తారు, దాన్ని బట్టే నీ లెక్క.

సంచిలో టెస్టర్, మల్టీమీటర్, కటింగ్ ప్లయర్, స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్ ఐరన్, టార్చి, గుడ్డ టేపు. మెత్తటి గుడ్డ, పాత టూత్‌బ్రష్ కూడా. కొత్తపట్నం బీచ్ దగ్గర ఒకసారి స్టేజీ వేశాం. రెండు రాత్రుల సముద్రపు గాలికి మైకు కేబుళ్ళ పిన్నులకు పచ్చగా చిలుం పట్టింది. గిటార్ తీగలు తుప్పు వాసన. కూర్చుని ఒక్కో పిన్నూ తోమాను. మైకులు కూడా ఎవరూ చెప్పకుండానే కడుగు. పైన జాలీ బంతి మర తిప్పితే ఊడొస్తుంది, లోపల స్పాంజి ఉంటుంది. సబ్బు నీళ్ళలో కడిగి, బండి అద్దం దగ్గర ఎండబెట్టి, పూర్తిగా ఆరాక బిగించు. పాడేవాడు రోజూ దాన్ని పెదవులకు ఆనించుకుంటాడు. అది శుభ్రంగా ఉందని అతనికి తెలిస్తే నీ మీద నమ్మకం వేరుగా ఉంటుంది.

ఇక మానేసిన సంగతి. 2011లో ఎడమ చెవిలో గుయ్యిమని మొదలైంది. షో అయిన రాత్రి అందరికీ ఉంటుంది, పొద్దునకు పోతుంది. నాది పోలేదు. ఐదేళ్ళు డ్రమ్స్ తాళాల పక్కన నిలబడ్డాను, చెవిలో ఏమీ పెట్టుకోకుండా. 85 డెసిబెల్స్ అయితే ఎనిమిది గంటలు తట్టుకోవచ్చంటారు. ఆపైన మూడు పెరిగినప్పుడల్లా సమయం సగానికి సగం తగ్గుతుంది. వంద దగ్గర పావుగంటే. మేం వంద దాటి రెండు గంటలు ఉండేవాళ్ళం. ఇది రాస్తున్నప్పుడు కూడా మోగుతోంది. ఫ్యాన్ ఆపితే ఇంకా తెలుస్తుంది. ఇయర్ ప్లగ్గులు మందుల షాపులో దొరుకుతాయి. కొనుక్కుని జేబులో కాదు, చెవిలో పెట్టుకో. ఎవరైనా "సౌండ్ మనిషివి, చెవులు మూసుకుంటావా" అంటే అననీ. మీ అమ్మగారికి నేను మాట ఇస్తున్నాను, ఈ ఒక్కటి నువ్వు పాటిస్తే మిగతా దేనికీ ఆమె భయపడక్కర్లేదు.

మా అమ్మ సంగతి ఒకటి చెబుతాను, మీ అమ్మగారికి చదువు. విజయవాడ నుంచి చెన్నై తిరిగి పోతూ తెల్లవారుజామున మూడున్నరకు బండి మా సందు చివర ఆపేవాళ్ళం. అమ్మ ముందు రోజు సాయంత్రమే చేపల పులుసు కాచి ఉంచేది, మామిడికాయ వేసి. మర్నాటికి దాని రుచే వేరని నీకు చెప్పక్కర్లేదు. డ్రమ్మర్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. పళ్ళెంలో మామిడి టెంక పడితే వదిలేవాడు కాదు, చీకుతూ కూర్చునేవాడు. ఒకరోజు అమ్మ అన్నం వడ్డిస్తూ అతని అరచేయి చూసింది. బొబ్బలు చితికి, వేళ్ళకు ప్లాస్టర్లు. గరిటె పక్కన పెట్టి, "ఇంత దెబ్బలు తగిలేట్టు కొట్టాల్నా నాయనా" అని ఆ చెయ్యి పట్టుకుని దీపం దగ్గరికి లాక్కుపోయి చూసింది. అతను నా వైపు చూశాడు, ఏమంటున్నారని. నేను ఇంగ్లీషులో చెప్పాను. అతను ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి బండి ఆగితే నాకంటే ముందు దిగేది అతనే. టెంక అతనికే పడేట్టు అమ్మ వడ్డించేది.

బ్యాండ్ 2012లో విడిపోయింది. ఎవరి ఉద్యోగాలు వాళ్ళవి. ఫోన్లు ఉన్నాయి.

కందుకూరు కరెంటు:

అన్నా, అమ్మ ఒప్పుకుంది. ఇయర్ ప్లగ్గులు తనే కొనిపెడతానంది. ఇరవయ్యో తారీఖు బయల్దేరాలి. మల్టీమీటర్ మాత్రం నాకు సొంతంగా లేదు, షాపుదే వాడతాను. ఏది కొనమంటారు?

స్టోన్‌హౌస్‌పేట సౌండ్:

కొనొద్దు. ఆ రోజు ఒంగోల్లో 340 చూపించిన మీటరు నా దగ్గరే ఉంది, ఇంకా సరిగ్గానే కొలుస్తుంది. నెల్లూరు మీదుగానే కదా పోతావు, ఇక్కడే లోపలి మెసేజ్ పెట్టు, బస్టాండుకు వచ్చి ఇస్తాను. ఎర్ర లీడు మొదట్లో తెగి టేపు చుట్టి ఉంది. ఇచ్చేలోపు కొత్త లీడ్లు వేసి ఉంచుతాను.